మీ ఫార్మసిస్టు ఎవరో తెలుసుకోండి, ప్రశ్నలడగండి, మంచి చేస్తే కాగితం మీద రాసివ్వండి

సాయంత్రం ఏడు దాటాక విజయవాడ సూర్యారావుపేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ ఏ మెడికల్ షాపు ముందు చూసినా ఒకటే గొడవ. ఓపీలు అయిపోయి జనమంతా ఒక్కసారి కౌంటర్ మీద పడతారు. "బాబూ, మాది ముందు చూడు, బస్సు వెళ్ళిపోతుంది" అని ఒకరు, "ఇందులో సగమే ఇవ్వు, మిగతావి రేపు తీసుకుంటా" అని ఇంకొకరు. ఆ హడావుడిలో అవతల ఉన్న మనిషి మనకి బీరువాలోంచి పెట్టెలు తీసిచ్చే మనిషిలాగే కనిపిస్తాడు. ఎంతయింది, డిస్కౌంట్ ఎంతిస్తారు, ఈ రెండు మాటలే మాట్లాడి వచ్చేస్తాం.

కానీ ఇంట్లో వేసుకునే మందు విషయంలో, డాక్టరు రాసిన దగ్గర్నుంచి మన నోట్లోకి వెళ్ళేలోపు దాన్ని చివరిగా చూసే చదువుకున్న మనిషి ఫార్మసిస్టే. ఆ చూపు పడితే చాలా పొరపాట్లు అక్కడే ఆగిపోతాయి. ఫార్మసిస్టుల సేవని గుర్తించడం అంటే ప్రపంచ ఫార్మసిస్టుల దినమైన సెప్టెంబర్ 25న శాలువా కప్పి ఫోటో దిగడం అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో అది ఆఖర్న చేసే పని. ముందు చేయాల్సింది వాళ్ళ చదువుని మనం వాడుకోవడం. అడగని పేషెంటుకి ఎంత మంచి ఫార్మసిస్టయినా ఏం చేయగలడు? అందుకని ఇది ఎలా చేయాలో, ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసినంత రాస్తున్నాను.

ముందు, కౌంటర్ వెనక ఫార్మసిస్టు ఎవరు?

షాపులో ఉన్న అందరూ ఫార్మసిస్టులు కారు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. హెల్పర్లు, లెక్కలు చూసేవాళ్ళు ఉండొచ్చు, ఉంటారు, వాళ్ళలో కొందరికి ఏళ్ళ తరబడి అనుభవం కూడా ఉంటుంది. కానీ ఏ మందు పేరు ఏ అరలో ఉందో తెలియడం వేరు, ఆ మందు ఒంట్లోకి వెళ్ళాక ఏం చేస్తుందో చదివి ఉండటం వేరు. డీఫార్మసీ రెండేళ్ళు, బీఫార్మసీ నాలుగేళ్ళు, 2008లో మన దేశంలో మొదలైన ఫార్మ్‌డీ అయితే ఆరేళ్ళు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. మన దగ్గర విజయవాడ సిద్ధార్థ, గుంటూరు పక్కన లాంలో చలపతి లాంటి కాలేజీల నుంచి ఏటా ఎంతోమంది పిల్లలు ఈ చదువులు చదివి బయటికొస్తున్నారు. వాళ్ళలో కొందరు మన వీధి చివర షాపులోనే ఉండి ఉంటారు, మనం ఎప్పుడూ కనుక్కోలేదు అంతే.

గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. షాపు గోడ మీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తగిలించి ఉంటుంది, దాని మీద పేరు చూడండి. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల ప్రకారం ఫార్మసిస్టు తెల్ల కోటు వేసుకుని, పేరూ రిజిస్ట్రేషన్ నంబరూ కనిపించేలా బ్యాడ్జి పెట్టుకోవాలి. చాలాచోట్ల ఇది కనిపించదు, నిజమే. అప్పుడు నోరు తెరిచి అడగండి. "మీకేం తెలుసు, ఫార్మసిస్టుని పిలువు" అంటే ఆ అబ్బాయి మనసు కష్టపెట్టుకుంటాడు. "ఫార్మసిస్టు గారున్నారా అండీ, ఈ మందు ఎలా వాడాలో ఒకసారి అడగాలి" అంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. లేరు, సాయంత్రం వస్తారు అంటే సాయంత్రమే వెళ్ళండి. ఎప్పుడు వెళ్ళినా గోడ మీద పేరు తప్ప మనిషి కనిపించకపోతే షాపు మార్చండి. నిజంగా ఫార్మసిస్టుని పెట్టుకుని జీతమిచ్చే షాపుకి మన డబ్బులు వెళ్ళడం కూడా ఒక గుర్తింపే, పైగా అన్నిటికంటే గట్టి గుర్తింపు.

ఇంకోటి, మాట్లాడాలనుకుంటే రద్దీ టైములో వెళ్ళొద్దు. ఉదయం పదకొండు ముందు, లేదంటే మధ్యాహ్నం భోజనాల తర్వాత వెళ్తే తీరిగ్గా చెబుతారు. వీలైనంతవరకు అన్ని మందులూ ఒకే చోట కొనండి. రెండు రూపాయలు తగ్గుతుందని గుండె మందు ఒక షాపులో, షుగరు మందు ఇంకో షాపులో కొంటే మీరు మొత్తం ఏం వాడుతున్నారో ఏ ఒక్కరికీ తెలియదు.

దాచకుండా అన్నీ ముందు పెట్టండి

మా పెదనాన్నకి గుండెకి ఒక డాక్టరు, షుగరుకి ఇంకో డాక్టరు. పొద్దున్నే మంచం మీంచి లేస్తే కళ్ళు తిరిగేవి. వయసొచ్చింది, తిండి సరిగా తినట్లేదు, నీరసం అని ఇంట్లో అందరం అదే అనుకున్నాం. ఒకసారి పెద్దమ్మ మందులు తెమ్మని ఖాళీ స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసి ఇస్తే, షాపులో ఉన్న ఫార్మసిస్టు అమ్మాయి వాటిని కౌంటర్ మీద వరసగా పరిచి, రెండిటిని పక్కకి తీసింది. పేర్లు వేరు, కంపెనీలు వేరు, లోపల మందు మాత్రం రెండిట్లోనూ టెల్మిసార్టాన్. ఇద్దరు డాక్టర్లూ ఒకరికి తెలియకుండా ఒకరు అదే బీపీ మందు రాశారు, ఒకదాంట్లో ఆమ్లోడిపిన్ కూడా కలిసి ఉంది. ఆ అమ్మాయి తనంతట తను ఏదీ ఆపలేదు, "ఇది డాక్టరు గారే చెప్పాలండీ" అని మా ముందే గుండె డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి మాట్లాడింది. ఒకటి ఆపేశారు, కళ్ళు తిరగడం తగ్గింది. ఆ రోజు బిల్లులో ఈ పనికి ఒక్క రూపాయి లేదు. ఏ బిల్లులోనూ ఉండదు.

ఇలా జరగాలంటే వాళ్ళకి మొత్తం కనపడాలి. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు వాడే ప్రతి స్ట్రిప్పునీ, పేరూ ఎక్స్‌పైరీ ఉన్న వైపు తిప్పి, ఫోన్లో ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆయుర్వేదం లేహ్యాలు, ఆర్ఎంపీ ఇచ్చిన పొట్లాలు, మోకాళ్ళ నొప్పులకి ఎవరో చెబితే వేసుకునే బిళ్ళలు, అన్నీ అందులో ఉండాలి. ఏ మందు పడదో, కిడ్నీ లివర్ సమస్య ఉందో, కడుపుతో ఉన్నారో, బిడ్డకి పాలిస్తున్నారో, మద్యం తాగే అలవాటుందో చెప్పండి. పక్కన జనం ఉన్నారని సిగ్గుపడితే కొంచెం పక్కకి రమ్మని అడగండి, వస్తారు. ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన రోజు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే పాత మందుల్లో ఏవి ఆపాలో, ఏవి ఉంచాలో తేల్చుకోకుండా పాతవీ కొత్తవీ కలిపి వేసేది ఆ వారంలోనే. కొన్ని పెద్దాసుపత్రుల్లో క్లినికల్ ఫార్మసిస్టులు వార్డుకి వచ్చి కేస్‌షీట్ చూస్తారు. మీ మంచం దగ్గరికి తెల్ల కోటులో ఒక కుర్ర ఫార్మ్‌డీ వచ్చి "ఇంట్లో ఏం మందులు వాడుతున్నారమ్మా" అని అడిగితే, డాక్టరుకి అన్నీ తెలుసులే అని పంపించెయ్యకండి. ఓపిగ్గా చెప్పండి.

ఏం అడగాలి

ఈ మందు దేనికి, ఎప్పుడు వేసుకోవాలి, ఎన్ని రోజులు, ఒక డోసు మర్చిపోతే ఏం చేయాలి, దీంతో ఏం తినకూడదు. ఇవి ఎవరైనా అడగాల్సినవి. వీటికి మించి, మన ఇళ్ళల్లో నిజంగా తేడా వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి.

జ్వరం మందుతో మొదలుపెడతాను. డోలో 650లో పారాసెటమాల్, కాల్‌పాల్‌లో పారాసెటమాల్, జలుబుకి వేసుకునే సైనరెస్ట్‌లో పారాసెటమాల్, ఒళ్ళు నొప్పులకి రాసే జీరోడాల్-పీలో కూడా పారాసెటమాలే. పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, ఆరు డోలోలకే 3.9 గ్రాములవుతుంది. జ్వరం, జలుబు, నొప్పులు మూడూ ఉన్నాయని మూడు రకాలు వేసుకుంటే లివర్ మీద ఎంత పడుతుందో లెక్క వేసుకోండి. "ఇందులో పారాసెటమాల్ ఉందా" అన్న ఒక్క ప్రశ్న చాలు.

పేరు చివర తోక కూడా చూపించి అడగండి. బీపీ మందుల్లో టెల్మా వేరు, టెల్మా-హెచ్ వేరు, టెల్మా-ఏఎమ్ వేరు. ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉంటే మందు మెల్లగా విడుదలయ్యేలా చేసిన బిళ్ళ. మింగలేకపోతున్నారని పెద్దవాళ్ళకి దాన్ని నూరి తేనెలో కలిపి పెడితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. మింగలేకపోతున్నారని ఫార్మసిస్టుకి చెబితే, సిరప్ రూపంలో ఉందేమో చూసి డాక్టరుతో మాట్లాడతారు.

తిండి సంగతి మన వాళ్ళకి బాగా అవసరం. పెరుగన్నం లేకుండా భోజనం ముగించం కదా, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్ పాలతోనో పెరుగుతోనో కలిపి వేసుకుంటే అందులోని కాల్షియం మందుని ఒంటికి పట్టనివ్వదు. థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి, కాల్షియం ఐరన్ మాత్రలకీ దానికీ కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. గుండె వాల్వ్ మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా చేసే అసిట్రోమ్ వాడేవాళ్ళు ఒక వారం రోజూ తోటకూర పాలకూర తిని, తర్వాత వారం పూర్తిగా మానేస్తే రక్తం పలచదనం అటూఇటూ అవుతుంది. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో ఉంటే చాలు. వీళ్ళు నొప్పి మాత్ర సొంతంగా కొనడం మాత్రం ప్రమాదం, రక్తస్రావం అవుతుంది.

ఇన్సులిన్ దగ్గర ఆగి చెప్పాలి. మన దేశంలో వయల్స్‌లో ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, పెన్ను కాట్రిడ్జిల్లో 100 యూనిట్లది దొరుకుతుంది. వయల్స్‌లోనూ 100 యూనిట్లవి ఉన్నాయి. సిరంజీలూ రెండు రకాలు, 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. పెన్ను పాడైందని కాట్రిడ్జిలోంచి ఎర్ర మూత సిరంజిలోకి 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్ళేది 20 కాదు, 50 యూనిట్లు. షుగరు పడిపోయి స్పృహ తప్పిపోవచ్చు. తిరగేస్తే, అంటే 40 వయల్‌కి నారింజ సిరంజి వాడితే, 20 అనుకున్నది 8 యూనిట్లే వెళ్తుంది, షుగరు ఎందుకు తగ్గట్లేదో ఎవరికీ అర్థం కాదు. వయలూ సిరంజీ రెండూ ఫార్మసిస్టు ముందు పెట్టి, "ఈ రెండూ జతేనా, ఒకసారి నాకు లాగి చూపించండి" అనండి. మన బెజవాడ ఎండల్లో దాచడం ఇంకో సమస్య. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, అంటే ఫ్రిజ్‌లో మామూలు అరలో. డీప్ ఫ్రీజర్‌లో గడ్డకడితే ఇక పనికిరాదు. మే నెలలో గుంటూరు నుంచి ఊరికి బస్సులో తీసుకెళ్తుంటే ఎలా సర్దాలో అడగండి. మంచి ఫార్మసిస్టయితే ఐస్‌కి తగలకుండా ఎలా చుట్టాలో చూపించి ఇస్తారు, ఆ పని చేసేవాళ్ళని నేను చూశాను.

ఇక మెథోట్రెక్సేట్. కీళ్ళవాతానికి, సోరియాసిస్‌కి వాడే ఈ మందు వెనక మన మనిషి ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో నడిపిన పరిశోధన బృందం నుంచే అది వచ్చింది, దాంతో పాటు చాలామందికి డాక్టర్లు రాసే ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిందీ ఆ బృందమే. కీళ్ళకీ చర్మానికీ ఈ మందు వారానికి ఒక్కసారే. మన బీపీ, షుగరు బిళ్ళల అలవాటుతో రోజూ వేసేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది, ఇలా పోయినవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. శ్రద్ధ ఉన్న ఫార్మసిస్టు ఆ స్ట్రిప్పు ఇచ్చేటప్పుడు "ఏ రోజు వేసుకుంటారమ్మా" అని అడిగి, కవరు మీద "ఆదివారం మాత్రమే" అని తెలుగులో పెద్దక్షరాలతో రాస్తారు. మీకు అలా రాసివ్వకపోతే మీరే అడిగి రాయించుకోండి. చదువురాని వాళ్ళయితే ఆ రోజుకి గుర్తుగా బొమ్మ వేయించుకోండి.

పిల్లల యాంటీబయాటిక్ పొడి సిరప్పు సంగతి క్లుప్తంగా: కాచి చల్లార్చిన నీళ్ళు గీత దాకా ఎలా పోయాలో షాపులోనే చూడండి, కలిపాక ఎన్ని రోజులు పనికొస్తుందో సీసా మీద తేదీ రాయించుకోండి, ఇంట్లో చెంచాతో కొలవొద్దు, గీతల మూతతోనే కొలవండి.

వాళ్ళు ఇవ్వనన్నప్పుడు

ఇక్కడే మనం ఫార్మసిస్టుల పట్ల ఎక్కువ అన్యాయం చేస్తున్నాం. "పక్క షాపులో ఇస్తారు, నువ్వేంటి పెద్ద డాక్టరువా" అని కసురుకునే మాట నా చెవులారా ఎన్నోసార్లు విన్నాను. ఇవ్వనన్న మనిషి తన వ్యాపారం పోగొట్టుకుని మన ఆరోగ్యం చూస్తున్నాడని ఎందుకు అనుకోం?

ఎందుకు ఇవ్వరో తెలిస్తే కోపం రాదు. షెడ్యూల్ హెచ్ మందులు చీటీ లేకుండా అమ్మకూడదు. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1 జాబితాలో పెద్ద యాంటీబయాటిక్స్, టీబీ మందులు, ఆల్‌ప్రజోలామ్ లాంటి నిద్ర మందులు, ట్రమడాల్ ఉన్నాయి. వాటికి రాసిన డాక్టరు వివరాలు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చారో రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు దాచాలి. మీ పేరు అడిగితే అనుమానించి కాదు, ఆ పుస్తకంలో రాయడానికి. చీటీలో ఉన్న షెడ్యూల్ హెచ్ మందు బదులు ఇంకోటి తమంతట తాము ఇవ్వకూడదని కూడా రూలుంది, "అది లేదు, డాక్టరు గారికి ఫోన్ చేసి అడుగుతానుండండి" అని మిమ్మల్ని నిలబెడితే అది పద్ధతి తెలిసిన మనిషి చేసే పని.

గజ్జల్లో తామరకి మూడు నాలుగు మందులు కలిపిన క్రీము అడిగితే ఇవ్వని ఫార్మసిస్టుకి మాత్రం రెండు చేతులా నమస్కారం పెట్టాలి. చెమట పట్టే మన ఊళ్ళల్లో ఆ క్రీముల్లోని స్టెరాయిడ్ దురదని రెండు రోజుల్లో అణిచి, కింద తామరని మొండిగా తయారుచేస్తుంది. ముఖం తెల్లబడాలని రాసే స్టెరాయిడ్ క్రీములూ అంతే, చర్మం పలచబడి ఎండలోకి వెళ్తే మండుతుంది. 2018లో స్టెరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది ఇందుకే. ఇవ్వనంటే ఏ చర్మ డాక్టరు దగ్గరికి వెళ్ళాలో అడిగి రండి.

అలాగే వాళ్ళ హద్దు కూడా మనకి తెలియాలి. ఛాతీ నొప్పి, మూతి వంకరపోవడం, ఆయాసం, పసిబిడ్డకి ఫిట్స్, ఇలాంటివాటికి మెడికల్ షాపుకి వెళ్ళి బిళ్ళ అడగొద్దు. 108కి ఫోన్ చేయండి.

గుర్తింపు ఎలా చెప్పాలి

పేరు తెలుసుకుని పేరుతో పిలవండి, వయసుని బట్టి గారు చేర్చండి. "ఏయ్ అబ్బాయ్" మానేయండి. ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ రోజుకి పన్నెండు గంటలు నిలబడే వాళ్ళకి చిన్నది కాదు.

ఒక పొరపాటు వాళ్ళ వల్ల ఆగిందంటే ఆ సంగతి రాసివ్వండి. నాలుగు వాక్యాలు చాలు: ఏ తేదీన, ఏ మందు విషయంలో, ఏం గమనించారు, దానివల్ల మా ఇంట్లో ఎవరికి ఏం తప్పింది. "చాలా మంచి సర్వీస్" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు, "మా అమ్మకి రెండు బీపీ మందులు ఒకటేనని కనిపెట్టి డాక్టరుతో మాట్లాడారు" అని రాస్తే తెలుస్తుంది. షాపు అయితే ఓనరుకి ఇవ్వండి, వాళ్ళే ఓనరైతే వాళ్ళ చేతికే ఇవ్వండి. ఆసుపత్రి ఫార్మసిస్టు అయితే మెడికల్ సూపరింటెండెంట్ పేరున రాయండి, ఎందుకంటే క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు ఉంచాలా తీసేయాలా అన్న లెక్కలు వేసేది పైవాళ్ళు, వాళ్ళ దాకా పేషెంట్ల మాట వెళ్ళడం చాలా అరుదు. డాక్టరుకి కూడా చెప్పండి, తర్వాతసారి ఆ షాపు నుంచి ఫోన్ వస్తే విసుక్కోకుండా ఎత్తుతారు.

మీ అపార్ట్‌మెంట్ సంఘంలోనో, కాలేజీలోనో, రోటరీ క్లబ్బులోనో ఏదైనా చేసే వీలుంటే సెప్టెంబర్ 25 ప్రపంచ ఫార్మసిస్టుల దినం. అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య 1912లో అదే తేదీన మొదలైంది కాబట్టి 2009లో ఆ రోజు ఎంచుకున్నారు. నవంబరు మూడో వారంలో జాతీయ ఫార్మసీ వారోత్సవం జరుగుతుంది. ఆ రోజున దండలు వేసి పంపించేయకుండా, ఒక ఫార్మసిస్టుని పిలిచి, పెద్దవాళ్ళందర్నీ వాళ్ళ మందుల సంచులు తెచ్చుకోమని చెప్పి, ఒక్కొక్కరికి పది నిమిషాలు చూపించండి. ఆ సాయంత్రానికి తగిన పారితోషికం కవర్లో పెట్టి ఇవ్వండి. డాక్టరుకి ఫీజు ఇచ్చినప్పుడు వీళ్ళ టైము ఊరికే ఎందుకు రావాలి?

ఇంకో సాయం ఉంది, చాలామందికి తెలియదు. మందు వేసుకున్నాక దద్దుర్లు, వాపు, వింత లక్షణాలు వస్తే, ముందు డాక్టరుకి చూపించి, తర్వాత ఫార్మసిస్టుకి చెప్పి రిపోర్టు పెట్టించండి. మందుల దుష్ప్రభావాలని గమనించడానికి 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం కింద దేశమంతటి నుంచి వచ్చే ఈ రిపోర్టులు ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్‌కి చేరతాయి. పేషెంట్లు సొంతంగా కూడా 1800-180-3024 టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేసి చెప్పొచ్చు. చేసేటప్పుడు స్ట్రిప్పు పారేయకుండా చేతిలో ఉంచుకోండి, మందు పేరు, బ్యాచ్ నంబరు, ఏ రోజు మొదలుపెట్టారు, ఏ రోజు లక్షణం కనిపించింది అన్నవి సిద్ధంగా ఉంటే పని తొందరగా అవుతుంది. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేటప్పుడు బ్యాచ్ నంబరు ఉన్న వైపు పోతుంది కాబట్టి, కొనేటప్పుడే బిల్లు మీద అది ఉందో లేదో చూసుకుని, బిల్లు కోర్సు అయ్యేదాకా దాచండి.